సాదినామె పేరు ఏ గడిలో రాయాలి?

మా ఇంటి తలుపు మీద ఇప్పటికీ ఆ స్టిక్కర్ ఉంది. 2024 నవంబర్‌లో సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే మొదలైనప్పుడు అంటించింది. ఎండకు అక్షరాలు వెలిసిపోయాయి, ఒక మూల లేచి గాలికి కొట్టుకుంటుంది. తలుపులకు రంగు వేయిద్దామని మా ఆయన దాన్ని గోకబోతే పెద్దమ్మ ఒప్పుకోలేదు. "అది ఉండనీ నాయినా, ఈ ఇంట్ల ఎంతమందిమి ఉన్నమో సర్కారుకు ఎరుకుండాలె" అంది.

మేం ఐదుగురం. నేను, మా ఆయన, ఇంటర్ చదివే మా బాబు, మా అమ్మ, మా పెద్దమ్మ. చివరి ఇద్దరి గురించే ఈ రాత.

మాది పాత పాలమూరు. అంటే మహబూబ్‌నగర్ పట్నంలో ముందు నుంచీ ఉన్న బస్తీ. నేను కోయిలకొండ మండలంలో ఒక చిన్న బడిలో టీచర్‌ని. టీచర్‌కు చదువు చెప్పే పనితో పాటు జనాన్ని లెక్కపెట్టే పని కూడా పడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే 2011 జనాభా లెక్కలు వచ్చాయి. తర్వాత 2014లో సమగ్ర కుటుంబ సర్వే, పదేళ్లకు మళ్లీ ఇది. మూడుసార్లూ గడప గడపకూ పోయి ఒకటే అడిగాను: మీ ఇంట్లో ఎంతమంది, ఎవరికెవరు ఏమవుతారు?

2011లో ట్రైనింగ్ ఇచ్చినప్పుడు కుటుంబం అంటే ఏమిటో ఒక వాక్యం చదివి వినిపించారు. మామూలుగా కలిసి ఉంటూ, ఒకే వంటగదిలో వండింది తినేవాళ్లు ఒక కుటుంబం, పని అవసరాల వల్ల వీలుకాకపోతే తప్ప. వాళ్లు ఒకరికొకరు చుట్టాలు కావచ్చు, కాకపోవచ్చు, కొందరు అయ్యీ కొందరు కాకా ఉండొచ్చు. నేను అక్కడే ఆగిపోయాను. పక్కన కూర్చున్న టీచర్లు చాయ్ కోసం లేచారు. నేను ఆ వాక్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చున్నాను. రక్తం ఒకటే కావాలని అందులో లేదు. పెళ్లి కావాలని లేదు. పొయ్యి ఒకటైతే చాలు. చివర ఆ 'పని అవసరాల వల్ల వీలుకాకపోతే తప్ప' అన్న ముక్క ఉంది చూశారా, మా పాలమూరు మొత్తం ఆ ముక్కలోనే బతికింది. డ్యాములు కట్టడానికి, కాలువలు తవ్వడానికి, ముంబైలో, పుణేలో బిల్డింగులు లేపడానికి గుంపు మేస్త్రిల వెంట పోయినవాళ్ల ఊళ్లు మావి. ఒకే పొయ్యి మీద తినే అదృష్టం ఏడాదిలో నాలుగు నెలలు దొరికితే గొప్ప.

నన్ను పెద్దమ్మ దగ్గర వదిలింది కూడా అలాంటి ఒక పని మీదకు పోతూనే.

1987లో నాకు నాలుగేళ్లు. తమ్ముడు అప్పటికి చంకలో పిల్లవాడు. అమ్మానాయిన కాలువ పనికి పోవాలి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. పని దగ్గర గుడిసెల్లో ఇద్దరు పిల్లలతో కాదని, నన్ను అమ్మ వాళ్ల అక్క దగ్గర ఉంచారు. ఒక్క సీజనే అనుకున్నారు. తర్వాతి సీజన్‌కు నేను బడిలో చేరి ఉన్నాను. ఆ తర్వాతి సీజన్‌కు తమ్మునికి జ్వరాలు. ఇట్లా ఒక్కో ఏడాది జరుగుతూ పోయింది. ఫలానా రోజున నన్ను ఇచ్చేశారు అని చెప్పడానికి ఒక రోజంటూ లేదు. నన్ను ఎవరూ దత్తత ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేదు. నేను అక్కడ పెరిగాను, అంతే.

పెద్దమ్మకు పిల్లలు లేరు. ఆ కారణం చెప్పే పెద్దనాయిన ఇంకో పెళ్లి చేసుకుని వేరే ఊరు పోయాడు. విడాకులు లేవు, పంచాయితీ లేదు. ఆమె బస్టాండ్ దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. సాయంత్రం నాలుగింటికి పొయ్యి ముట్టిస్తే రాత్రి పదింటి దాకా పెంక దిగేది కాదు. రొట్టె, పప్పు, పచ్చిమిరపకాయ తొక్కు. నేను ఆ పొయ్యి వెలుగులో ఎక్కాలు చదువుకున్నాను. పిండి తడిపే చేత్తోనే నా జడ వేసేది, బడిలో నా జుట్టు జొన్నపిండి వాసన వస్తుందని పక్క పిల్లలు అనేవాళ్లు. నాకు ఆ వాసన ఇష్టం. ఆ రొట్టెల పైసలతోనే నన్ను టీచర్ ట్రైనింగ్ చదివించింది. ఆ పైసలతోనే 1999లో ఈ రెండు గదుల ఇల్లు కొన్నది. ఇప్పుడు మేం ఉంటున్నది ఆ ఇంట్లోనే, పైన ఇంకో రెండు గదులు వేసుకుని.

మా దగ్గర దీన్ని సాదుడు అంటారు. బిడ్డను సాదుతారు, బర్రెను సాదుతారు, ముసలోళ్లను సాదుతారు. ఎవరు నీ మీద ఆధారపడి ఉన్నారో వాళ్లకు తిండి పెట్టి, రోగమొస్తే పక్కన కూర్చుని, వాళ్ల రేపటి గురించి నువ్వు టెన్షన్ పడటం అది. 'కన్నామె', 'సాదినామె' అని మా ఊళ్లలో రెండు మాటలూ పక్కపక్కనే వాడతారు. 'కుటుంబం' అన్న మాట మాకు కాగితాల్లోనే కనిపిస్తుంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఇంటోళ్లు, పాలోళ్లు (దాయాదులు), చుట్టాలు అంటాం. పాతకాలం మగవాళ్లు కొందరు భార్యను 'మా కుటుంబం' అనేవాళ్లు. అంత పెద్ద మాటను ఒక్క మనిషికి పెట్టారంటే, అన్నం పెట్టే మనిషే కుటుంబమని వాళ్లకూ లోపల తెలిసే ఉంటుందని నాకనిపిస్తుంది.

2019లో పెద్దమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలన్నారు. ప్రభుత్వ ఉద్యోగులకు ఆరోగ్య కార్డు ఉంటుంది, అందులో మీద ఆధారపడిన తల్లిదండ్రులను చేర్చుకోవచ్చు. అయితే ఒక రూలు ఉంది: కన్నవాళ్లనైనా చేర్చాలి, దత్తత తీసుకున్నవాళ్లనైనా చేర్చాలి, ఇద్దరినీ చేర్చకూడదు. నా కార్డులో అమ్మానాయిన పేర్లు ఉన్నాయి. కార్డు ఇచ్చేటప్పుడు అడిగితే వాళ్ల పేర్లే రాసిచ్చాను, ఆధార్‌లో తండ్రి పేరు అదే కాబట్టి. పెద్దమ్మ పేరు చేర్చమని ఆఫీసుకు పోయాను. "దత్తత పత్రం తెచ్చారా?" అన్నారు. లేదన్నాను. "మరి ఆమె మీకు ఏమవుతుంది?" అమ్మకు అక్క అని చెప్పాను. ఆయన కాగితం వెనక్కి జరిపాడు. మంచిగానే మాట్లాడాడు, పాపం, ఆయన చేతిలో ఏమీ లేదు.

ఆస్పత్రిలో ఇంకో కాగితం. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టాలి. "సొంత కూతురేనా?" అని అడిగారు. అబద్ధం చెబితే అయిపోయేది. కానీ పక్కనే నా ఆధార్, ఆమె ఆధార్ పెట్టుకుని ఉన్నారు, పేర్లు కలవవు. పెంచిన తల్లి అని చెప్పాను. "సొంతవాళ్లు ఎవరైనా ఉంటే పిలిపించండి మేడం, తర్వాత గొడవలు వస్తాయి" అన్నారు. సొంతవాళ్లు! ముప్పై రెండేళ్లు ఆమె పక్కన పడుకున్నదాన్ని నేను. ఆమెకు ఏ టాబ్లెట్ పడదో, ఏ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పడుతుందో ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

అమ్మ అప్పుడు తమ్ముని దగ్గర పుణేలో ఉంది. తమ్ముడు అక్కడ సెంట్రింగ్ మేస్త్రి. ఫోన్ చేస్తే రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగింది. 'చెల్లె' అని రాసిన చోట బొటనవేలు వేసింది. సిరా ఇంకా ఆరకముందే ఆ వేలును కొంగుతో రుద్దుకుంటూ బయట బెంచీ మీద కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నీ జాగల నేను వేలేసిన బిడ్డా" అంది.

ఆ మాట నేను మరిచిపోలేను. ఆమె నన్ను వదిలిన తల్లి అని చిన్నప్పుడు లోపల కోపం ఉండేది. పండుగకు వచ్చినప్పుడు దగ్గరికి పోయేదాన్ని కాదు, పెద్దమ్మ వెనక నిలబడేదాన్ని. ఆ బెంచీ మీద ఆ కోపం కరిగిందని చెప్పను, అట్లా ఒక్కరోజులో పోదు. కానీ అమ్మకు అన్నీ తెలుసని ఆ రోజు తెలిసింది. నాయిన 2020లో పోయాడు. అమ్మకు పుణేలో గాలాడని గది పడలేదు. 2022 నుంచి మా దగ్గరే ఉంటుంది.

ఆపరేషన్ ఖర్చుకు అప్పు చేశాం, తీర్చాం, ఆ సంగతి వదిలేస్తున్నాను. కానీ దాని తర్వాత ఒక వకీలు దగ్గరికి పోయాను, ఇప్పుడైనా దత్తత రాయించుకుందామని. ఆయన చెప్పిన మాటలు వింటుంటే కడుపులో తిప్పింది. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం మామూలుగా 15 ఏళ్లు నిండని పిల్లలనే దత్తత తీసుకోవాలి. నాకప్పటికి 36. సరే, చిన్నప్పుడే చేసి ఉండాల్సింది అనుకున్నాను. "అప్పుడూ కుదిరేది కాదమ్మా" అన్నాడాయన. అప్పటి చట్టంలో పెళ్లయిన ఆడది, భర్త బతికి ఉండగా, తన పేరు మీద దత్తత తీసుకోవడానికి వీల్లేదు. భర్త సన్యాసం తీసుకోవాలి, మతం మారాలి, లేదా మతి లేనివాడని కోర్టు తేల్చాలి. వదిలేసి పోతే లెక్కలోకి రాదు. 2010లో చట్టం మార్చి ఆడవాళ్లకు ఆ హక్కు ఇచ్చారు, భర్త ఒప్పుకుంటేనే. అంటే నన్ను సాదుతున్న ఆ రోజుల్లో పెద్దమ్మ ఎంత కోరుకున్నా నాకు కాగితం మీద తల్లి కాలేకపోయేది. పిల్లలు లేరని వదిలేసినవాడే ఆమెకు బిడ్డ దక్కకుండా అడ్డం నిలబడ్డాడు, ఆ సంగతి ఆయనకు తెలియను కూడా తెలియదు.

ఇంకోటి విన్నాక నేను ఆ రాత్రి నిద్రపోలేదు. హిందూ వారసత్వ చట్టంలో 15వ సెక్షన్ అని ఉంది. వీలునామా రాయకుండా ఒక ఆడమనిషి చనిపోతే ఆమె ఆస్తి మొదట కొడుకులకు, బిడ్డలకు, భర్తకు పోతుంది. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులకు. ఆ తర్వాతనే కన్న తల్లిదండ్రులకు. తాను సంపాదించుకున్న ఆస్తికీ ఇదే వరస. సుప్రీంకోర్టు 2009లో ఒక కేసులో ఇదే చెప్పింది: పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివాళ్లు వెళ్లగొట్టిన ఒకామె, పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ము, ఆమె చనిపోయాక భర్త తరఫు వాళ్లకే పోయింది. కన్నతల్లికి రాలేదు.

పెద్దమ్మకు ఈ సంగతి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. కర్ర పట్టుకుని అప్పుడప్పుడే నడుస్తోంది. విన్నాక కాసేపు అర్థం కానట్టు చూసింది. "నా రొట్టెల ఇల్లు ఆయనకా?" అంది. "ఆయన లేకుంటే ఆయన పిల్లలకు" అన్నాను. ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఎన్నడూ వినలేదు. "రేపే పోదాం పా. ఆటో పిలు." రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కలేకపోతే మా ఆయన ఎత్తుకుని ఎక్కించాడు. ఇద్దరు సాక్షులు. వీలునామాలో 'నేను సాకి, చదివించి, పెండ్లి చేసిన బిడ్డ' అని రాయించింది. ఆ మాట అట్లాగే పడాలని పట్టుబట్టింది. ప్రభుత్వం ముద్ర వేసిన కాగితాల్లో నన్ను ఆమె బిడ్డ అన్నది ఆ ఒక్కటే.

ఈ పోస్టు చదివేవాళ్లలో ఆడవాళ్లుంటే, ముఖ్యంగా భర్త వదిలేసినవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, చెల్లెలి బిడ్డనో అన్న కొడుకునో సాదుకున్నవాళ్లు ఉంటే, దయచేసి వీలునామా రాయించండి. తెల్ల కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల సంతకాలున్నా చెల్లుతుంది, రిజిస్టర్ చేయిస్తే ఇంకా గట్టి. రేపు చేద్దామనుకోకండి.

సర్వే సంగతికి వస్తాను. ఇళ్లలో విన్నవి బయట చెప్పకూడదు, అందుకే ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను.

2014 ఆగస్టు 19న జరిగిన సర్వే ఒక్కరోజుదే. ఆ రోజు రాష్ట్రమంతా సెలవు, బస్సులు నడవలేదు. ఇంట్లో కనబడనివాళ్లను రాయరని, రేపు రేషన్ కార్డు పోతుందని, పింఛన్ పోతుందని భయం. ముందు రెండు రోజులు ముంబై నుంచి, పుణే నుంచి రైళ్లు, బస్సులు నిండిపోయి వచ్చాయి. నేను పోయిన ఇంట్లో భార్యాభర్తలు తెల్లవారుజామున దిగారు. ఎర్రబడ్డ కళ్లతో అరుగు మీద కూర్చున్నారు, వాళ్ల ఆరేళ్ల పాప కొత్తవాళ్లను చూసినట్టు దూరంగా నిలబడి చూస్తోంది. ఫారం నింపాక ఆయన అడిగాడు, "అయిపోయిందా మేడం, ఇంక పోవచ్చా?" మర్నాడు మొదటి బస్సుకే పోయారు. మేమంతా ఒక కుటుంబమని చూపించుకోవడానికి అంత దూరం వచ్చిపోయారు.

2024 సర్వేలో నాకు 150 దాకా ఇళ్లు వచ్చాయి. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే. 75 ప్రశ్నల ఫారం. ఒక ఇంట్లో అవ్వ, ఐదుగురు పిల్లలు. ఇద్దరు పెద్దకొడుకు పిల్లలు, ఇద్దరు చిన్నకొడుకు పిల్లలు, ఒకడు కూతురు కొడుకు. కొడుకులిద్దరూ కోడళ్లతో ముంబైలో. కూతురు లేదు. బడి రిజిస్టర్‌లో ఈ పిల్లల్లో ముగ్గురికి సంరక్షకుల గడిలో అవ్వ వేలిముద్రే ఉంది. యజమాని ఎవరని అడిగితే కొడుకుల పేర్లు చెప్పింది. రేషన్ కార్డుల విషయంలో 2013 ఆహార భద్రత చట్టం ఇంట్లో 18 ఏళ్లు నిండిన పెద్ద ఆడమనిషినే ఇంటి పెద్దగా పెట్టమంది, ఆమె కార్డులోనూ ఆమె పేరే పైన ఉంది. అది చూపించి, "పెద్ద నువ్వే కదా అవ్వా" అన్నాను. "కార్డుకు నేను పెద్ద. ఇంటికి వాళ్లే" అంది. చెబుతూనే ఐదు పళ్లేల్లో అన్నం వడ్డిస్తోంది, ఎవరికి మీగడ ఇష్టమో ఎవరు ఉప్పు ఎక్కువ వేసుకుంటారో చూడకుండానే చేయి పోతోంది.

రెండు వీధుల అవతల అన్నదమ్ముల ఇల్లు. మధ్యలో గోడ పెట్టి ఏరుపడ్డారు. తల్లి నెల వంతున ఒక్కో కొడుకు దగ్గర తింటుంది. నవంబర్ చిన్నవాడిది. "రాసుకో బిడ్డా, ఈ నెల చిన్నోడింట్ల" అంది ఆమె. చిన్నవాడు పక్క నుంచి, "ఫిబ్రవరిల ఇరవై ఎనిమిదే రోజులు, అది తన వంతుకు వచ్చేటట్టు అన్న ముందే చూసుకున్నడు" అన్నాడు. ఆమె అక్కడే కూర్చుని వింటోంది. తల్లిదండ్రులను చూడని పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల దాకా భృతి ఇప్పించే చట్టం 2007 నుంచి ఉంది, ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చట్టంలో కొడుకులు ఎవరో స్పష్టంగా ఉంది. ఆ గోడకు రెండు వైపులా రక్తం ఉంది, ఇంటి పేరు ఉంది, అన్నీ ఉన్నాయి. ఫారంలో ఏ గడీ ఖాళీగా లేదు. ఆ ఇంటి నుంచి బయటికి వచ్చేసరికి నా గొంతు పట్టుకుపోయింది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం తోటికోడళ్ల ఇల్లు. ఇద్దరూ యాభై దాటినవాళ్లు. ఒకామె భర్త పని దగ్గర గోడ కూలి పోయాడు, ఇంకొకామె భర్త తాగి తాగి పోయాడు. బిడ్డలకు పెళ్లిళ్లయ్యాయి. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒకే ఇంట్లో, నాలుగు మేకలతో. ఒకామె కూలికి పోతే ఇంకొకామె మేకలు కాస్తుంది, వండుతుంది. ఒకామెకు షుగర్ అని ఇద్దరూ తీపి మానేశారు. "పెద్ద ఎవరు?" అన్నాను. పెద్దామె చిన్నామె వైపు చూసింది, చిన్నామె పెద్దామె వైపు. "ఆమెనే రాయి మేడం" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. వాళ్లను కలిపిన మగవాళ్లిద్దరూ లేరు. చుట్టరికం లెక్కన చూస్తే తాడు తెగిపోయినట్టే. ఎందుకు కలిసి ఉన్నారని అడిగే గడి ఫారంలో లేదు, నేనూ అడగలేదు.

మా ఇంట్లోనే దీనికి సాటి వచ్చేది ఒకటి జరిగింది. బస్టాండ్ దగ్గర పెద్దమ్మ పొయ్యి పక్కనే ఒకామె ముప్పై ఏళ్లు చాయ్ అమ్మింది. ముస్లింలామె, నేను ఖాలా అనేదాన్ని. వాన పడితే ఇద్దరూ ఒకే పరదా కింద నిలబడేవాళ్లు. పోలీసులు బండ్లు తీయించినప్పుడు ఇద్దరూ కలిసే పోయి బతిమాలేవాళ్లు. నాకు పురిటినొప్పులు వస్తే ఆటోలో ఒక పక్క పెద్దమ్మ, ఇంకో పక్క ఖాలా. 2021 మే నెలలో కరోనాలో ఆమె పోయింది. చూడటానికి కూడా కుదరలేదు. ఆ ఏడు దసరాకు పెద్దమ్మ పొయ్యి మీద నూనె మూకుడు పెట్టలేదు, కొత్త చీర కట్టలేదు. చుట్టాలామె ఒకతి, "ఆమె నీకేమైతదని పండుగ బంద్ పెట్టినవ్?" అంది. పెద్దమ్మ జవాబు చెప్పలేదు. ఆ మరుసటి ఏడు దసరాకు ఐదు రోజుల ముందు మా ఆయన పాలోళ్లలో ఒకాయన పోయాడు. ఆయన ముఖం మా ఇంట్లో ఎవరమూ చూడలేదు, మా ఆయన కూడా. సూతకం వచ్చింది కాబట్టి పండుగ లేదన్నారు. ఆ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, పేపర్‌లో వచ్చిన ముక్క కత్తిరించి నా సర్వీసు కాగితాల ఫైల్లో పెట్టుకున్నాను. చండీగఢ్‌లో ఒక నర్సు. ఆమె భర్తకు మొదటి భార్య ద్వారా ఇద్దరు పిల్లలు, వాళ్లను చూసుకోవడానికి ఆమె సెలవు వాడుకుంది. తర్వాత తనకు బిడ్డ పుడితే ప్రసూతి సెలవు ఇవ్వలేదు, నీకు ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నారని. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న ఆ సెలవు ఇవ్వాలన్నారు. తల్లి, తండ్రి, వాళ్ల పిల్లలు, ఎన్నటికీ మారని ఒకే రకం ఇల్లు అనుకుంటే సరిపోదని, చావు వల్ల, విడిపోవడం వల్ల, మళ్లీ పెళ్లి వల్ల, పెంపకం వల్ల ఇళ్లు రకరకాలుగా ఉంటాయని రాశారు. పెళ్లి లేకుండా కలిసి ఉండేవాళ్లవీ, ఆడ ఆడ, మగ మగ కలిసి ఉండేవాళ్లవీ కూడా కుటుంబాలు కావచ్చన్నారు. మామూలుగా కనబడని కుటుంబాలూ అంతే నిజమని, వాటికీ చట్టం రక్షణ, లాభాలు అందాలని అన్నారు. తర్వాతి ఏడాది అక్టోబర్ 17న అదే కోర్టు, ఒకే లింగం వాళ్ల పెళ్లిని గుర్తించడం పార్లమెంటు పని అని చెప్పి ఆగిపోయింది. ఆ తీర్పు గురించి స్టాఫ్ రూంలో అందరూ మాట్లాడారు, నవ్వారు కూడా. నర్సు తీర్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రెండూ ఒకటే ప్రశ్నలా కనిపిస్తాయి. ఒకరినొకరు చూసుకుంటున్న ఇద్దరిని, మీరు ఒకరికొకరు ఏమీ కారు అని చెప్పే హక్కు ఎవరికుంది?

పాత రోజుల్లో ఉమ్మడి కుటుంబాలు ఎంత బాగుండేవో, ఇప్పుడు అన్నీ చెడిపోయాయి అనే మాట పెళ్లిళ్లలో, దినాల్లో తరచూ వింటాను. నేను ఒప్పుకోను. మా పెద్దమ్మను ఇంట్లోంచి నెట్టింది ఒక ఉమ్మడి కుటుంబమే, అత్త, మామ, ముగ్గురు మరుదులు ఉన్న నిండు ఇల్లు. నన్ను నిలబెట్టింది ఇద్దరు ఒంటరి ఆడవాళ్లు పక్కపక్కన పెట్టుకున్న రెండు పొయ్యిలు.

ఒంటరి అంటే గుర్తొచ్చింది. 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛన్ మొదలుపెట్టారు. భర్త వదిలేసినవాళ్లకు వస్తుందని మా బస్తీలో ఒకామె దరఖాస్తు తెచ్చి పెద్దమ్మకు ఇచ్చింది. అప్పటికి రొట్టెల బండి మానేసింది, చేతిలో పైసలు లేవు, నన్ను అడగడానికి మొహమాటం. కాగితం మీద చూస్తే ఆమెకు రావాల్సిందే: భర్త లేడు, పిల్లలు లేరు. నేనూ ఏమీ అనలేదు, ఆమె ఇష్టం అనుకున్నాను. దరఖాస్తు తీసుకుని మా బాబుతో చదివించుకుంది. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. 'ఒంటరి మహిళ' అన్న చోట ఆపమంది. కాగితం మడిచి ఆమెకు తిరిగిచ్చేసింది. "ముగ్గురు మనుషులున్న ఇంట్ల ఉండుకుంట ఒంటరిదాన్నని ఎట్ల రాయాలె?" అంది. వేరేవాళ్లు ఆ పింఛన్ తీసుకోవడం తప్పని నేను అనను, ఎంతోమందికి అది ఆసరా. ఆమెకు మాత్రం ఆ మాట ఒప్పలేదు.

మా ఇంటికి సర్వే చేయడానికి వచ్చింది వేరే బడి సారు, వయసులో చిన్నవాడు. నేను నా ఇళ్లు ముగించుకుని సాయంత్రం ఏడింటికి వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని నా కోసం చూస్తున్నాడు. మొదటి మూడు వరుసలు నింపాడు. నాలుగో వరుసలో అమ్మ పేరు, సంబంధం గడిలో తల్లి. ఐదో వరుసలో పెద్దమ్మ పేరు రాసి పెన్ను ఆపాడు.

"బిడ్డ అని ఆమె అంటుంది, పెద్దమ్మ అని మీ బాబు అంటున్నాడు. ఏం రాయమంటారు మేడం?"

"తల్లి అని రాయండి."

"పైన ఒక తల్లి ఉంది కదా మేడం. ఇద్దరు తల్లులంటే కంప్యూటర్ తీసుకుంటదో లేదో..."

అమ్మ లోపల గదిలో పప్పు ఏరుతోంది. చాట పక్కన పెట్టి గడప దాకా వచ్చింది. "నేను నాలుగేండ్లు తల్లిని, ఆమె అప్పట్నుంచి. రాయి సారూ" అంది.

ఆయన రాశాడు. నేను చూశాను, రెండు వరుసల్లోనూ తల్లి, తల్లి. ఆ ఫారం తర్వాత ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు ఏమైందో నాకు తెలియదు. ఎవరైనా తప్పు పడిందనుకుని ఒకటి మార్చేసి ఉండొచ్చు. 2027 మార్చి 1 నాటికి, మంచు పడే ప్రాంతాలు తప్ప, దేశమంతా జనాభా లెక్కలు తీస్తారు. నాకు డ్యూటీ పడితే ఎవరి గడప ముందు నిలబడతానో, మా గడప ముందు ఎవరు నిలబడతారో.

సారు లేస్తుంటే పెద్దమ్మ ఆపింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎక్కువసేపు నిలబడలేదు, స్టూలు వేసుకుని పొయ్యి ముందు కూర్చుంటుంది. రెండు రొట్టెలు చేసి, తొక్కు వేసి, వేడివేడిగా ఆయన చేతిలో పెట్టింది. పొద్దుటి నుంచి ఏమీ తిననట్టుంది, ఆయన నిలబడే తినేశాడు.